ఏ గోపీచంద్? ఏ జానకి?

తెలుగునాట ఇంటిపేరు పెళ్లి శుభలేఖలోనూ, బడి రిజిస్టరులోనూ, పొలం దస్తావేజుల్లోనూ మాత్రమే నిండుగా కనిపిస్తుంది. నోటి మాటలోకి వచ్చేసరికి అది ఒకటి రెండు పొడి అక్షరాలుగా మిగులుతుంది. మనసుకు బాగా దగ్గరైన మనిషి విషయంలోనైతే ఆ పొడి అక్షరాలు కూడా రాలిపోయి పేరొక్కటే నిలుస్తుంది. అందువల్ల మన సినిమాల్లోనూ, ఆటల్లోనూ, పుస్తకాల్లోనూ ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ప్రసిద్ధులు ఉండటం వింతేమీ కాదు. వారిలో ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకోవడానికి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పద్ధతి ఏర్పడుతుంది. చీరాలలో నేను పెరిగిన ఉమ్మడి కుటుంబంలో పెదనాన్నగారికి పుస్తకాలు, అమ్మకు రేడియో, అన్నయ్యకు ఆటలు ప్రాణం. ఒకే పేరు ఈ ముగ్గురికీ ముగ్గురు వేర్వేరు మనుషులను గుర్తుకు తెచ్చేది. ఆ పేర్ల వెంట నాకున్న జ్ఞాపకాలను మరుగున పడకముందే రాసి ఉంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా ఇంట్లో నేను మొదట విన్న గోపీచంద్, త్రిపురనేని గోపీచంద్ గారు. పెదనాన్నగారి చెక్క బీరువాలో రెండో అరలో ఆయన పుస్తకాలన్నీ వరుసగా ఉండేవి. వాటిలో ‘అసమర్థుని జీవయాత్ర’ మాత్రం అట్ట ఊడిపోయి, పాత క్యాలెండరు కాగితంతో కొత్త అట్ట వేయించుకొని, పుటల అంచున పెన్సిలుతో గీసిన నిలువు గీతలతో ఉండేది. ఎవరైనా చుట్టాలు వచ్చి అరుగు మీద కూర్చున్నప్పుడు మాట ఎటు తిరిగినా చివరికి ఆ నవలలోని సీతారామారావు దగ్గరికి చేరేది. కృష్ణా జిల్లా అంగలూరులో 1910లో పుట్టిన గోపీచంద్ గారు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారి కుమారుడని, తండ్రి ప్రతిదానినీ ‘ఎందుకు’ అని ప్రశ్నించడం నేర్పితే కొడుకు ఆ ప్రశ్నను మనిషి లోపలికే తిప్పాడని పెదనాన్నగారు చెప్పేవారు. ఆ మాట నాకు అప్పట్లో పూర్తిగా అందకపోయినా చెప్పేటప్పుడు ఆయన గొంతులో వినిపించే గౌరవం మాత్రం బాగా అందేది.

పెదనాన్నగారు ఆయనను నవలాకారుడిగా మాత్రమే చూసేవారు కారు. గూడవల్లి రామబ్రహ్మం గారు 1939లో తీసిన ‘రైతుబిడ్డ’కు మాటలు రాసింది ఈ గోపీచంద్ గారేనని, తర్వాత ఆయనే దర్శకుడై 1950లో ‘లక్ష్మమ్మ’ చిత్రం తీశారని చెప్పి, అక్కడి నుంచి తనకెంతో ఇష్టమైన సంగతిలోకి వెళ్లేవారు. అదే సంవత్సరం అదే పతివ్రత కథతో ఘంటసాల బలరామయ్య గారు ‘శ్రీ లక్ష్మమ్మ కథ’ తీశారు. ఒకదానిలో కృష్ణవేణి గారు లక్ష్మమ్మ, మరొకదానిలో అంజలీదేవి గారు లక్ష్మమ్మ. ఏ లక్ష్మమ్మను చూసి వచ్చావని ఊరంతా ఒకరినొకరు అడిగి తెలుసుకోవలసి వచ్చిన ఆ కాలాన్ని ఆయన ఎంతో మురిపెంగా తలుచుకునేవారు. గోపీచంద్ గారు 1962లో కన్నుమూశారు. ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’ నవలకు సాహిత్య అకాడమీ పురస్కారం ఆ మరుసటి ఏడాది వచ్చింది. పురస్కారం అందుకోవడానికి మనిషి లేకపోయాడన్న బాధ పెదనాన్నగారి మాటల్లో ఎన్నేళ్లకూ తగ్గలేదు. చలం విషయంలోనూ మా ఇంట్లో ఇదే తరహా విభజన ఉండేది. ఆయన ‘మైదానం చలం’ అంటే గుడిపాటి వెంకటచలం గారు, అమ్మ ‘సంబరాల రాంబాబు చలం’ అంటే సినిమా నటుడు. ఇద్దరి పేరూ ఒకే పూట వినిపించిన రోజులు కూడా ఉన్నాయి.

అమ్మకు జానకి అన్న పేరు చాలా విలువైనది. మా అమ్మమ్మగారి ఊరు రేపల్లె దగ్గర కావడం అందుకు ఒక కారణం. గాయని ఎస్. జానకి గారు 1938లో పుట్టింది ఆ తాలూకాలోని పల్లపట్లలో. వంటింటి గూట్లో ఉండే ట్రాన్సిస్టరులో విజయవాడ కేంద్రం అనౌన్సరు ‘పాడినవారు ఎస్. జానకి’ అనగానే, అమ్మ ‘మా పల్లపట్ల జానకి’ అని తనలో తాను అనుకొని, చేతిలోని పని ఏదైనా సరే కాసేపు ఆపేది. ‘నీ లీల పాడెద దేవా’ వచ్చినప్పుడైతే పొయ్యి మంట తగ్గించి మరీ వినేది. 1962 నాటి ‘మురిపించే మువ్వలు’ చిత్రంలోని ఆ పాటలో కారుకురిచ్చి అరుణాచలం గారి నాదస్వరం ఒక సంగతి వేస్తే జానకి గారి గొంతు వెంటనే అదే సంగతిని అంతే నున్నగా తిరిగి ఇస్తుంది. ఆ స్వరాల భాగం దగ్గరికి వచ్చేసరికి అమ్మ కళ్లు మూసుకొని, బొటనవేలితో చూపుడువేలు కణుపులు లెక్కపెట్టుకుంటూ తాళం వేసేది. ఆమె సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. అయినా ఎక్కడ నాదస్వరం ఆగుతుందో, ఎక్కడ గొంతు అందుకుంటుందో ఆమె వేళ్లకు తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్దచిత్రం వచ్చే వేళకు ఇంకో జానకి గారు మా ఇంటికి వచ్చేవారు. రాజమండ్రిలో 1931లో పుట్టిన ఆమె, 1950లో విజయా వారి మొదటి చిత్రం ‘షావుకారు’లో రామారావు గారి పక్కన సుబ్బులు పాత్ర వేసి, ఆ తర్వాత జీవితమంతా షావుకారు జానకిగానే ఉండిపోయారు. ఆమె శంకరమంచి జానకి, గాయని శిష్ట్లా జానకి. పొడి అక్షరం ఇద్దరికీ ఒకటే కనుక, కేవలం ‘ఎస్. జానకి’ అంటే ఎవరో తేలేది కాదు. ఆ చిక్కును ఏ పత్రికా, ఏ నిర్మాతా కూర్చొని పరిష్కరించలేదు. సుబ్బులును చూసి ముచ్చటపడిన జనమే ఆ సినిమా పేరును ఆమెకు ఇంటిపేరుగా ఇచ్చేశారు. ఆమె చెల్లెలు కృష్ణకుమారి గారు కూడా పేరున్న నాయికే అయినా, ఆమె పేరుకు ముందు ఏ సినిమా పేరూ చేరలేదు. ఆమెకు ఆ అవసరం పడలేదు.

పేరుకు ముందు సినిమాను చేర్చే ఈ పద్ధతి మన సినిమాకు ఉన్న గొప్ప సంపదల్లో ఒకటని నాకు గట్టి నమ్మకం. ఎస్.వి. రంగారావు గారు వెలిగిపోతున్న కాలంలో మరో రంగారావు గారు తెర మీదకు వస్తే, 1967 నాటి ‘సాక్షి’ ఆయనకు తోడు నిలిచి సాక్షి రంగారావును చేసింది. ఇద్దరు సుధాకర్‌లలో ఒకరు 1982 తర్వాత శుభలేఖ సుధాకర్ అయ్యారు. ఎందరో ప్రసాద్‌ల మధ్య ఒకాయన ఆహుతి ప్రసాద్‌గా నిలదొక్కుకున్నారు. ఒకే పేరు గలవారు మరొకరు లేకపోయినా సిరివెన్నెల సీతారామశాస్త్రి గారికి ఆ గౌరవం దక్కింది. పుట్టుకతో వచ్చిన ఇంటిపేరు తండ్రి తాతలది. ఈ రెండో ఇంటిపేరు మాత్రం పూర్తిగా ఆ మనిషి చేసిన పనికి దక్కినది. ఏ పనిని చూసి ఒక మనిషిని ప్రేమించామో ఆ పని పేరుతోనే జీవితాంతం పిలవడం కంటే ప్రేక్షకులు ఇవ్వగలిగిన బిరుదు ఏముంటుంది? మా ఇంట్లో పెదనాన్నగారు, అమ్మ, అన్నయ్య తమ తమ మనుషులకు పెట్టుకున్న పేర్లు కూడా ఈ పద్ధతిలోనే పుట్టాయని ఇప్పుడు వెనుదిరిగి చూస్తే తెలుస్తోంది.

ఇక అన్నయ్య ఆటల సంగతి. మా వైపు ఊళ్లలో ఆ రోజుల్లో సాయంత్రమయితే కనిపించేది షటిల్ కాదు, బాల్ బ్యాడ్మింటన్. పసుపు రంగు ఉన్ని బంతి, జట్టుకు అయిదుగురు, నేల మీద సున్నంతో గీసిన కోర్టు. సముద్రపు గాలి వీచే చీరాలలో ఈకల షటిల్ ఆరుబయట ఒకచోట నిలవదు. ఉన్ని బంతి బరువు ఆ గాలికి కాస్త తట్టుకుంటుంది. నాలుగు రోజులు ఆడేసరికి బంతి మీది ఉన్ని పోగులు లేచి బొచ్చుగా తయారై, ఎర్రమట్టి పట్టి, పసుపు రంగు పోయి ఇటుక రంగుకు వచ్చేది. అన్నయ్య దాన్ని ఇంటికి తెచ్చి, లేచిన పోగులను అమ్మ కుట్టుపని కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి మళ్లీ గుండ్రంగా చేసేవాడు. షటిల్ ఆడాలంటే తెల్లవారుజామున గాలి పడిపోయిన వేళ ఆడాలి, లేకపోతే నాలుగు గోడల హాలు కావాలి. అలాంటి హాలు మాకు అందుబాటులో లేదు.

అటువంటి అన్నయ్యకు, ఇంకొల్లు దగ్గర నాగండ్లలో పుట్టిన ఒక కుర్రవాడు హైదరాబాదులో షటిల్ నేర్చుకొని జాతీయ స్థాయికి చేరాడన్న వార్త ఎంత పెద్దదో చెప్పలేను. నాగండ్ల మాకు పరాయి ఊరు కాదు, బస్సెక్కితే వెళ్లగలిగిన ఊరు. పుల్లెల గోపీచంద్ 1994లో పుణె జాతీయ క్రీడల్లో మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్సల పాలైనప్పుడు, అన్నయ్య సొంత తమ్ముడికి జరిగినట్టుగా కుమిలిపోయాడు. అదే గోపీచంద్ 1996 నుంచి వరుసగా అయిదేళ్లు జాతీయ ఛాంపియన్‌గా నిలిచినప్పుడు, ఏటా పత్రికలో వచ్చిన వార్తను కత్తిరించి లెక్కల నోటుపుస్తకంలో అతికించాడు. అప్పటివరకు మా ఇంట్లో గోపీచంద్ అంటే నవలల గోపీచంద్ గారే. ఇప్పుడు ‘షటిల్ గోపీచంద్’ అన్న రెండో పేరు వాడుకలోకి వచ్చింది. పెదనాన్నగారు దాన్ని అంత త్వరగా ఒప్పుకోలేదు. ఆయన ఎదుట గోపీచంద్ అని ఊరికే అంటే ఆ మాట బీరువా వైపే వెళ్లేది.

2001 మార్చి 11, ఆదివారం. బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో గోపీచంద్ చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించాడు. అంతకు ముందు సెమీఫైనల్లో డెన్మార్క్ ఆటగాడు పీటర్ గేడ్‌ను దాటి వచ్చాడు. 1980లో ప్రకాశ్ పదుకోన్ గెలిచిన తర్వాత ఆ కప్పు మన దేశానికి మళ్లీ రావడానికి 21 ఏళ్లు పట్టింది. మర్నాడు పొద్దున్నే అన్నయ్య పేపరు కుర్రాడి కోసం ఆగకుండా బస్టాండుకు వెళ్లి దొరికిన పత్రికలన్నీ తెచ్చాడు. వాకిట్లో కాఫీ తాగుతున్న పెదనాన్నగారు మొదటి పేజీని దూరం నుంచే చూసి, ‘ఒరే, మన గోపీచంద్ గెలిచాడు కదరా, ఆ కాగితం ఇటు ఇవ్వు’ అన్నారు. ‘మన’ అన్న ఆ మాటను ఆయన నోట రచయితకు తప్ప మరో గోపీచంద్‌కు అంతకు ముందు మేము వినలేదు. అన్నయ్య ఏమీ అనలేదు. కత్తిరించడానికి అట్టిపెట్టుకున్న పత్రికను ఆయన చేతికి ఇచ్చి, తాను పక్కన కూర్చున్నాడు.

ఆ వారం మా ఇంటికి అంతటితో తీరలేదు. అదే ఆదివారం కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు మొదలైంది. మొదటి రోజే హర్భజన్ హ్యాట్రిక్ తీసినా, మన జట్టు 171 పరుగులకు కుప్పకూలి ఫాలోఆన్ ఆడవలసి వచ్చింది. అక్కడి నుంచి వి.వి.ఎస్. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. నాలుగో రోజంతా ఒక్క వికెట్టు కూడా పడలేదు. చివరికి మనం 171 పరుగుల తేడాతోనే గెలిచాం, వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా అక్కడ ఆగిపోయింది. ఒకే వారంలో ఇద్దరు తెలుగువారు, ఒకరు రాకెట్టుతో, మరొకరు బ్యాటుతో, ఇంతటి పని చేసిన కాలం నేను మళ్లీ చూడలేదు. లక్ష్మణ్ పేరులోనూ మా వైపు ఒక మెలిక ఉంది. చీరాల పక్కనున్న కారంచేడు నుంచి వెళ్లిన కవలలు రామ్-లక్ష్మణ్ సినిమాల్లో ఫైట్ మాస్టర్లు. కాబట్టి లక్ష్మణ్ అని ఎవరైనా అనగానే మా వీధిలో కొందరికి మణికట్టు తిప్పి మిడ్‌వికెట్ మీదుగా కొట్టిన ఫోర్ గుర్తుకొస్తే, మరికొందరికి సుమోలు గాల్లోకి లేచే పోరాట దృశ్యం గుర్తుకొచ్చేది.

గోపీచంద్ కప్పు గెలిచిన ఏడాదే మూడో గోపీచంద్ కూడా వచ్చాడు. ‘తొలి వలపు’ అనే సినిమాతో పరిచయమైన ఆ యువకుడు దర్శకుడు టి. కృష్ణ గారి అబ్బాయి. టి. కృష్ణ గారిది ఒంగోలు దగ్గర టంగుటూరు ప్రాంతం. సినీ రంగంలో అప్పటికే సూపర్‌స్టార్ కృష్ణ గారు ఉండటంతో ఆయన తన పొడి అక్షరాన్ని ఎప్పుడూ వదలకుండా వెంట పెట్టుకున్నారు. 1983లో ‘నేటి భారతం’, 1985లో ‘ప్రతిఘటన’ తీసి జనాన్ని ఉర్రూతలూగించి, 1986లోనే వెళ్లిపోయిన దర్శకుడాయన. ఆయన కొడుకు హీరోగా వస్తున్నాడంటే మా వైపు అందరికీ ఒక రకమైన ఆపేక్ష. తొలి చిత్రం ఆడలేదు. 2002లో ‘జయం’లో ప్రతినాయకుడిగా వేసిన తర్వాతే జనం అతని వైపు తిరిగి చూశారు, మరో రెండు సినిమాల్లోనూ ప్రతినాయకుడిగానే మెప్పించి, 2004లో ‘యజ్ఞం’తో మళ్లీ హీరో అయ్యాడు. ప్రతినాయకుడిగా ఇంత భయపెట్టిన మనిషిని అంత తొందరగా హీరోగా ఒప్పుకోవడం మన ప్రేక్షకులకు తేలిక కాదు. అతను దాన్ని సాధించిన తీరు నాకు ఇప్పటికీ మెచ్చదగ్గదిగానే కనిపిస్తుంది. అమ్మ మాత్రం అతన్ని ‘కృష్ణ గారబ్బాయి గోపీచంద్’ అనే పిలిచేది. మరికొన్నేళ్లకు మలినేని గోపీచంద్ అనే దర్శకుడు కూడా వచ్చేసరికి, ఈ పేరుకు సినీ రంగంలో మాత్రమే ముగ్గురయ్యారు.

షటిల్ గోపీచంద్ ఆట నుంచి తప్పుకొని గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాక, 2008 నుంచి అక్కడ తయారైన పిల్లల పేర్లు మా ఇంట్లో ఒక్కొక్కటిగా వినిపించసాగాయి. సైనా లండన్ కాంస్యం, సింధు రియో రజతం అందరికీ తెలిసినవే. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది కిదాంబి శ్రీకాంత్ గురించి, ఎందుకంటే అతనితో మా పాత చిక్కు మళ్లీ మొదలైంది. నాన్నగారికి శ్రీకాంత్ అంటే మద్రాసు క్రికెటర్ కృష్ణమాచారి శ్రీకాంత్. 1983 ప్రపంచ కప్ ఫైనల్లో అందరికంటే ఎక్కువగా 38 పరుగులు చేసిన మనిషి. ఆండీ రాబర్ట్స్ బంతిని ఒక మోకాలు నేలకానించి ఆఫ్ వైపు బౌండరీకి పంపిన దృశ్యాన్ని నాన్నగారు హాల్లో నిలబడి, చేతిలో ఉన్న గొడుగుతోనో దుప్పటి చుట్టతోనో ఆడి చూపించేవారు. వదినకు శ్రీకాంత్ అంటే 1996 నాటి ‘పెళ్లి సందడి’ హీరో. ఇక అన్నయ్యకు, అతని పిల్లలకు శ్రీకాంత్ అంటే 2017లో ఇండోనేసియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్ సూపర్ సిరీస్ టైటిళ్లు నాలుగూ ఒకే ఏడాదిలో గెలిచిన గుంటూరు కుర్రాడు. మరుసటి ఏప్రిల్‌లో అతను ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు, 2021లో స్పెయిన్‌లోని వెల్వాలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు చేరిన మొదటి భారత పురుషుడయ్యాడు. గురువు పేరు గోపీచంద్, శిష్యుడి పేరు శ్రీకాంత్, ఈ రెండు పేర్లతోనూ తెలుగులో ఇద్దరు హీరోలు ఉన్నారన్న సంగతి మా వదిన కనిపెట్టి చెప్పిన రోజున, పెదనాన్నగారు ఉండి ఉంటే ఎంత సంతోషించేవారో అనుకున్నాం.

శ్రీకాంత్ పేరుతోనే మరొక నటుడున్నారు. ఆయనది తమిళ సినిమా. 2002లో వచ్చిన ఆయన తొలి చిత్రం తెలుగులోకి ‘రోజాపూలు’గా వచ్చి మన కుర్రకారును బాగా ఆకట్టుకుంది. అయితే ఇక్కడ అప్పటికే ఒక శ్రీకాంత్ ఉన్నారన్న కారణంతో తెలుగు వారికి ఆయనను శ్రీరామ్‌గా పరిచయం చేశారు. చెన్నైలో ఒకే మనిషికి ఒక పేరు, హైదరాబాదులో మరొక పేరు. పోస్టర్లకు, ప్రకటనలకు అది వీలుగా ఉండి ఉండవచ్చు గాని, నాకు ఆ నిర్ణయం ఎప్పుడూ నచ్చలేదు. ఇద్దరు జానకిలను, ముగ్గురు గోపీచంద్‌లను ఏ ఇబ్బందీ లేకుండా గుండెల్లో పెట్టుకున్న ప్రేక్షకులకు ఇంకొక శ్రీకాంత్ బరువయ్యేవాడు కాదు. చెన్నైలో ఉండే మా మేనత్త ఒకసారి వచ్చినప్పుడు ఆయన అసలు పేరు ఇదీ అని చెప్పింది. అమ్మ ఆ రోజు నుంచి ఆయనను ‘రోజాపూలు శ్రీకాంత్’ అంటోంది, టీవీలో పడే పేరు ఏదైనా సరే.